మాబినోగి కథలు ఇంగ్లీషులో చదవాలంటే: ఏ అనువాదం, ఎక్కడ మొదలు, ఆ పేర్లతో ఏం చెయ్యాలి

మీ ప్రశ్న చదివాను. వేల్స్ మధ్యయుగపు కథలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన పాత ఇంగ్లీషు అనువాదంలో మొదలుపెట్టి, ముప్ఫై పేజీలు కూడా దాటకుండా పక్కన పెట్టేశానన్నారు. పేర్లు నోరు తిరగడం లేదు, ఎవరు ఏ పని ఎందుకు చేస్తున్నారో తెలియడం లేదు, వేరే అనువాదం తీసుకోవాలా అని అడిగారు. నేను కార్డిఫ్‌లో ఉద్యోగం చేసిన ఆరేళ్ళూ సాయంత్రాలు వెల్ష్ భాష క్లాసులకు వెళ్ళాను. ఈ కథలు ఐదు అనువాదాల్లోనూ, కొంతమేరకు మూలంలోనూ చదివాను. ఇప్పటికీ ఏటా చలికాలంలో ఒకసారి తిరగేస్తాను. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. ఇంగ్లీషు అక్షరాల్లో చూసినంతకాలం ఆ పేర్లు గుర్తుండవు. పెన్సిల్ తీసుకుని పుస్తకం అంచున తెలుగులో రాసుకోండి. వెల్ష్ కూడా మన భాషలాగే దాదాపు రాసినట్టే పలికే భాష. అక్షరాల విలువ తెలిస్తే చాలు. ఎఫ్ ఒక్కటే ఉంటే 'వ', రెండుంటే 'ఫ'. డబ్ల్యూ చాలాచోట్ల 'ఉ' అనే అచ్చు. వై చాలాసార్లు 'అ'. సీ, హెచ్ కలిసి వస్తే గొంతులోంచి వచ్చే 'ఖ'. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే నాలుకను 'ల' అనే చోట పెట్టి, గొంతు కలపకుండా పక్కనుంచి గాలి ఊదాలి. దానికి మనకు అక్షరం లేదు, 'హ్ల' అనుకుంటే సరిపోతుంది. ఒత్తు చివరినుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఈ లెక్కన మొదటి కథలో రాజు పేరు 'పుయిహ్ల్' (నేనిక్కడ సులువుగా పుయిల్ అంటాను), అతని రాజ్యం డవెడ్, భార్య రియానన్, కొడుకు ప్రడెరి. మిమ్మల్ని భయపెట్టి ఉంటుందనుకునే ఆ హల్లుల గుట్ట 'కిల్హూఖ్'. ఒకసారి గట్టిగా పలికి తెలుగులో రాసుకున్న పేరు నాకు మళ్ళీ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఇక అనువాదం. మీరు చదువుతున్నది లేడీ షార్లెట్ గెస్ట్‌ది. ఆమె అంటే నాకు చాలా గౌరవం. ఇంగ్లండులో పుట్టి, మెర్థిర్ టిడ్విల్ దగ్గర డౌలైస్ ఇనుప కర్మాగారం యజమానిని పెళ్ళి చేసుకుని 1833లో వేల్స్ వచ్చింది. అక్కడే వెల్ష్ నేర్చుకుంది. పదిమంది పిల్లల్ని కంటూ పెంచుతూనే, వెల్ష్ పండితుల సాయంతో 1838 నుంచి 1845 దాకా భాగాలు భాగాలుగా మూలాన్నీ ఇంగ్లీషునూ కలిపి అచ్చు వేయించింది. 1849లో అది మూడు సంపుటాలుగా వచ్చింది. 'మాబినోగియాన్' అన్న పేరు లోకమంతా తెలిసింది ఆమె వల్లే. నిజానికి ఆ రూపం రాతప్రతిలో మొదటి కథ చివర ఒక్కచోటే కనిపిస్తుంది. రాసేవాడి చేతిలో పడ్డ పొరపాటని పండితులు అంటారు. మిగతా చోట్ల 'మాబినోగి' అనే ఉంటుంది. నాలుగు శాఖలుగా ఉన్న కథలకే ఆ పేరు చెల్లుతుంది, కానీ ఇప్పుడు మొత్తం పదకొండు కథలకీ కలిపి వాడుతున్నారు.

అయితే ఆమె ఆ పుస్తకాన్ని తన చిన్నపిల్లలకు అంకితమిచ్చింది. విక్టోరియా కాలపు తల్లి పిల్లల చేతికిచ్చే పుస్తకంలో ఉండకూడదనుకున్నవి తీసేసింది. మీకు 'ఎవరు ఎందుకేం చేస్తున్నారో తెలియడం లేదు' అనిపించడానికి సగం కారణం అదే. మొదటి కథే చూడండి.

డవెడ్ రాజు పుయిల్ వేటకు వెళ్ళి, ఒళ్ళంతా తెల్లగా, చెవులు ఎర్రగా మెరిసే కుక్కలు ఒక దుప్పిని పడగొట్టి ఉండటం చూస్తాడు. వాటిని తరిమేసి తన కుక్కలకు ఆ దుప్పిని మేపుతాడు. ఆ కుక్కలు అన్నూవ్న్ అనే మరోలోకపు రాజు ఆరౌన్‌వి. ఆ తప్పు దిద్దుకోవడానికి ఇద్దరూ ఏడాదిపాటు రూపాలు మార్చుకుంటారు. పుయిల్ ఆరౌన్ రూపంలో వెళ్ళి ఏడాది చివర అతని శత్రువును ఒక్క దెబ్బతో చంపాలి. రెండో దెబ్బ వెయ్యకూడదు. ఈ ఏడాదీ అతను ఆరౌన్ కొలువులో, ఆరౌన్ భార్య పక్కన ఉంటాడు.

మూలంలో ఇలా ఉంటుంది: రాత్రి మంచమెక్కగానే పుయిల్ అంచువైపు ముఖం పెట్టి, రాణికి వీపు తిప్పి పడుకున్నాడు. తెల్లారేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తెల్లవారాక మళ్ళీ ఎంతో ప్రేమగా మాట్లాడాడు. పగలు ఎంత చనువుగా ఉన్నా, ఏడాది చివరిదాకా ఒక్క రాత్రీ మొదటి రాత్రికన్నా వేరుగా గడవలేదు. ఏడాది తిరిగాక అసలు ఆరౌన్ ఇంటికొచ్చి భార్యను దగ్గరకు తీసుకుంటాడు. ఆమె ఆశ్చర్యపోయి మౌనంగా ఉండిపోతుంది. ఏం మాట్లాడవని అతను అడిగితే, ఏడాదిగా ఈ మంచంలో మనమధ్య మాటే లేదు కదా అంటుంది. అప్పుడు ఆరౌన్‌కు తన స్నేహితుడు ఎలాంటివాడో తెలుస్తుంది. జరిగిందంతా భార్యకు చెబుతాడు.

గెస్ట్ ఈ రెండు మంచం ఘట్టాలూ వదిలేసింది. ఆమె అనువాదంలో పుయిల్ ఆ ఏడాదంతా వేట, పాటలు, విందులతో గడుపుతాడు, అంతే. నేను మొదట చదివింది కూడా ఆ అనువాదమే, కాలేజీ లైబ్రరీలో. ఒక శత్రువును చంపిపెట్టినందుకు ఇద్దరు రాజులకు జీవితాంతం స్నేహమేమిటో నాకప్పుడు బోధపడలేదు. చాలా ఏళ్ళ తర్వాత కార్డిఫ్‌లో మరో అనువాదంలో ఆ తిప్పిన వీపు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ స్నేహానికి పునాది కత్తిదెబ్బలో కన్నా ఆ ఏడాది రాత్రుల్లో ఉంది. కథ ఎక్కడా అలా వివరించదు. జరిగింది చెప్పి ఊరుకుంటుంది, మిగతాది మనకు వదిలేస్తుంది. ఈ కథల స్వభావమే అది. అందుకే వీటిలో ఒక్క వాక్యం తీసేసినా ఇల్లు కూలుతుంది.

కాబట్టి నా సలహా: గెస్ట్‌ను పక్కన పెట్టండి, తర్వాత ప్రేమగా మళ్ళీ చదువుకోవచ్చు. ఇప్పుడు షొనెడ్ డేవిస్ అనువాదం తీసుకోండి. 2007లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. ఆమె కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో వెల్ష్ ఆచార్యురాలిగా పనిచేసింది. ఇవి ఒకప్పుడు గొంతుతో చెప్పి, చెవితో విన్న కథలన్న స్పృహతో చేసింది. పైకి చదివితే వాక్యం ఊపిరికి అందుతుంది. అవసరమైన వివరణలు వెనక ఉన్నాయి.

1948లో మొదట అచ్చయిన గ్విన్ జోన్స్, థామస్ జోన్స్‌ల అనువాదం గంభీరమైనది. ఇంగ్లీషు కొంచెం పాతకాలపు పోకడతో, పెద్దవాళ్ళు పండగపూట పట్టుపంచె కట్టుకున్నట్టు నడుస్తుంది. రెండోసారి చదివేటప్పుడు నేను దాన్నే తీసుకుంటాను. 1976లో పెంగ్విన్ వేసిన జెఫ్రీ గాంట్జ్‌ది సరళంగా ఉంటుంది, పాత పుస్తకాల దుకాణాల్లో తేలిగ్గా కంటపడుతుంది. అది దొరికితే సంకోచించకుండా మొదలుపెట్టేయండి. పాట్రిక్ ఫోర్డ్‌ది 1977లో వచ్చింది. అందులో మూడు ఆర్థర్ ప్రణయగాథలు ఉండవు, బదులుగా తలియెసిన్ అనే కవి కథ ఉంటుంది. పాత ఐతిహ్యం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు అది మంచిది.

ఎలా చదవాలన్నది అంతకన్నా ముఖ్యం. ఈ కథలు రెండు పెద్ద రాతప్రతుల్లో మిగిలాయి. ఒకటి 1350 ప్రాంతపు రదెర్ఖ్ తెల్ల పుస్తకం, అబెరిస్ట్విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. రెండోది 1382 తర్వాత తయారైన హెర్గెస్ట్ ఎర్ర పుస్తకం, ఆక్స్‌ఫర్డ్ జీసస్ కాలేజీది. కథలు ఈ ప్రతులకన్నా పాతవి. వెల్ష్‌లో కథకుడిని 'కవార్విద్' అంటారు. దారి తెలిసినవాడు అని కూడా ఆ మాటకు అర్థం. కాగితం మీదికి ఎక్కాక కూడా అతని గొంతు వీటిలో వినబడుతూనే ఉంటుంది. మన ఇళ్ళల్లో కథ చెబుతుంటే ఎవరో ఒకరు 'ఊ' కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగుతుంది. అలా చదవండి. పైకి చదవండి, వీలైతే ఊ కొట్టే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని. ఒక రాత్రికి ఒక శాఖ చాలు.

మొదటి శాఖ రెండో సగంలో రియానన్ వస్తుంది. లేత తెల్లని గుర్రం మీద మెల్లగా వెళుతూ ఉంటుంది, కానీ ఎంత వేగంగా గుర్రాన్ని తోలినా ఎవరూ ఆమెను అందుకోలేరు. ఎంత తరిమితే అంత దూరం. మూడో రోజు పుయిల్ అలసిపోయి, నీకు అందరికన్నా ఇష్టమైనవాడి మీద ఆన, నాకోసం ఆగు అని అరుస్తాడు. ఆమె సంతోషంగా ఆగుతానంటుంది. ఈ మాట ఎప్పుడో అడిగి ఉంటే నీ గుర్రానికి మేలయ్యేది కదా అంటుంది. ఈ ఒక్క మాటతో ఆమె మనకు తెలిసిపోతుంది.

తర్వాత ఆమెకు కొడుకు పుడతాడు. ఆ రాత్రే బిడ్డ మాయమవుతాడు. నిద్రపోయిన కాపలా ఆడవాళ్ళు తమ తప్పు బయటపడకుండా కుక్కపిల్లల నెత్తురు నిద్రపోతున్న తల్లి ముఖానికీ చేతులకీ పూసి, ఆమే చంపుకుందని చెబుతారు. శిక్ష ఏమిటంటే, కోట గుమ్మం బయట గుర్రమెక్కే రాతిదిమ్మె దగ్గర ఏడేళ్ళు కూర్చోవాలి. వచ్చిన ప్రతివాడికీ తన కథ తానే చెప్పాలి. ఒప్పుకుంటే వాడిని వీపు మీద మోసి లోపలికి తీసుకెళ్ళాలి. 'అలా మోయించుకోవడానికి ఒప్పుకునేవాళ్ళు అరుదు' అని కథకుడు ఒక్క ముక్క అంటాడు. జనం గురించి చెప్పింది అంతే.

ఆ బిడ్డ దూరాన గ్వెంట్‌లో టైర్నాన్ అనే దొర ఇంట్లో పెరుగుతాడు. పిల్లవాడిలో పుయిల్ పోలిక గుర్తుపట్టి టైర్నాన్ వాడిని తీసుకుని వస్తాడు. గుమ్మం దగ్గర రియానన్ లేచి, దొరా, ముందుకెళ్ళకండి, మీలో ప్రతి ఒక్కరినీ నేను మోసుకెళతాను, నా బిడ్డను నేనే చంపుకున్నందుకు నాకు పడిన శిక్ష ఇది అంటుంది. వీళ్ళెవరూ మీ వీపు ఎక్కుతారనుకోను అంటాడు టైర్నాన్. ఇష్టమున్నవాళ్ళు ఎక్కనీ, నేను మాత్రం ఎక్కను అంటాడు పిల్లవాడు. ఎదురుగా ఉన్నది తన కొడుకేనని ఆమెకు తెలియదు. కథకుడు ఒక్క విశేషణం కూడా వాడడు. నేనెన్నిసార్లు చదివినా ఇక్కడ గొంతు పట్టేస్తుంది.

లోపల విందులో టైర్నాన్ నిజం చెప్పాక, అదే నిజమైతే నా బెంగ తీరినట్టే అంటుంది రియానన్. బెంగకు వెల్ష్‌లో 'ప్రడెర్' అని మాట. పక్కనున్న పెద్దమనిషి, అమ్మా, కొడుక్కి మంచి పేరే పెట్టావు, ప్రడెరి అంటాడు. తల్లి నోట మొదట వచ్చిన మాటే పేరైపోతుంది. ఇంగ్లీషులో ఈ శ్లేష నిలవదు, ఏ అనువాదకుడైనా కింద వివరణ పెట్టుకోవాల్సిందే. పిల్లవాడి పేరులోనే తల్లి బెంగ ఉందన్నది మీరు అంచున రాసుకోండి, మూడో శాఖలోనూ నాలుగో శాఖలోనూ ప్రడెరి కనిపించినప్పుడు పనికొస్తుంది.

రెండో శాఖ బ్రాన్వెన్. ఐర్లండ్ రాజుకిచ్చి పెళ్ళి చేస్తారు. పెళ్ళివేళ ఆమె సవతి సోదరుడు చేసిన అవమానానికి ప్రతీకారంగా ఆమెను వంటింట్లో పడేసి, రోజూ కసాయివాడి చేత చెంపదెబ్బ కొట్టిస్తారు. మూడేళ్ళలో ఆమె పిండి కలిపే తొట్టి అంచున ఒక గోరింక జాతి పిట్టను పెంచి, మాటలు నేర్పి, రెక్కల మొదట ఉత్తరం కట్టి అన్న దగ్గరికి పంపుతుంది. అన్న బ్రాన్ ఏ ఇంట్లోనూ పట్టనంత పెద్దమనిషి. సముద్రంలో నడిచి వస్తాడు. ఐర్లండ్ పందుల కాపరులు పరుగున వెళ్ళి రాజుతో చెబుతారు: సముద్రం మీద అడవి చూశాం, పక్కనే కొండ కదులుతోంది, కొండ మీద ఎత్తైన గట్టు, గట్టుకు అటూ ఇటూ ఒక్కో చెరువు. రాజుకు అర్థం కాక బ్రాన్వెన్‌ను అడగమంటాడు. అడవి ఓడల స్తంభాలు, కొండ మా అన్న, గట్టు ఆయన ముక్కు, చెరువులు కోపంతో చూస్తున్న కళ్ళు అని ఆమె చెబుతుంది. మూడేళ్ళు దెబ్బలు తిన్న మనిషి నోట ఆ జవాబు వినండి, ఎంత నిబ్బరంగా ఉందో.

నది దాటడానికి వంతెన లేకపోతే బ్రాన్ తానే అడ్డంగా పడుకుని సైన్యాన్ని తన మీదుగా నడిపిస్తాడు. నాయకుడిగా ఉండేవాడు వంతెనగా ఉండాలి అంటాడు. అది వేల్స్‌లో ఈనాటికీ సామెత. అందులోని 'పెన్' అనే మాటకు నాయకుడనీ తల అనీ రెండర్థాలు. కథ చివర అతని తలే మిగులుతుంది. యుద్ధంలో బతికిన ఏడుగురు ఆ తలను మోసుకుని గ్వాలెస్ ద్వీపంలో ఎనభై ఏళ్ళు ఏ దుఃఖమూ గుర్తులేకుండా గడుపుతారు, ఒకడు తెరవకూడని తలుపు తెరిచేదాకా. బ్రాన్వెన్ మాత్రం ఆంగ్లసీలో ఆలావ్ నది ఒడ్డున, నావల్ల రెండు మంచి దీవులు నాశనమయ్యాయి అని గుండె పగిలి చనిపోతుంది. ఆ ఒడ్డున ఆమె సమాధి అని చెప్పే కంచుయుగపు రాళ్ళగుట్ట ఒకటుంది. పొలాల మధ్య నాలుగు రాళ్ళు, అంతే. నేను వెళ్ళినరోజు చినుకులు పడుతున్నాయి, గొర్రెలు తప్ప ఎవరూ లేరు.

మూడో శాఖ నెమ్మదిగా, నవ్వుతూ చదువుకునేది. గోధుమ చేను దోచిన ఎలుకను పట్టుకుని ఒక దొర దానికి ఉరికంబం కడతాడు, బిషప్ వచ్చి బతిమాలినా వదలడు. నాలుగో శాఖకు మాత్రం మనసు గట్టి చేసుకోండి. అందులో గోయెవిన్ అనే అమ్మాయిపై అత్యాచారం ఉంది. జరిగింది ఆమే రాజు ఎదుట చెబుతుంది: నేను నోరుమూసుకుని ఉండలేదు, కోటలో తెలియనివాళ్ళు లేరు అంటుంది. గెస్ట్ మెత్తబరిచిన చోట్లలో ఇదీ ఒకటి. మధ్యయుగపు కథకుడు దాచనిది మనం దాచిన పుస్తకంలో చదవడం నాకు సమ్మతం కాదు.

అదే శాఖలో హ్లై అనే వీరుడిని ఇంట్లోనూ బయటా చంపలేరు, గుర్రం మీదా నేల మీదా చంపలేరు. హిరణ్యకశిపుడి వరం చిన్నప్పటినుంచీ విన్న మనకు ఆ లెక్క వెంటనే పట్టుబడుతుంది. కానీ ఇక్కడ ఆ వరంలో సందు వెతికేది దేవుడు కాదు, భార్య. పూలతో అతనికోసం తయారుచేసిన బ్లొడైవెద్. ఎలా చస్తావో చూపించవూ అని అడుగుతుంది. అతను నదిఒడ్డున కప్పుకింద స్నానపుతొట్టి అంచున ఒక కాలు, మేక వీపున ఒక కాలు పెట్టి నిలబడి చూపిస్తాడు. ఆమె తప్పును కథ క్షమించదు, గుడ్లగూబగా మార్చేస్తారు. కానీ ఓక్, బ్రూమ్, మెడోస్వీట్ పూలనుంచి పుట్టించినప్పుడు నీకీ పెళ్ళి ఇష్టమేనా అని ఆమెను అడిగినవాడు లేడు. ఆ ప్రశ్న మన దగ్గరే మిగిలిపోతుంది.

నాలుగు శాఖలయ్యాక కిల్హూఖ్, ఓల్వెన్‌ల కథకు రండి. అందులో ఆర్థర్ కొలువులోని మనుషుల జాబితా పేజీల కొద్దీ వస్తుంది. చాలామంది అక్కడే పుస్తకం వదిలేస్తారు. దాన్ని వేగంగా, పైకి, తాళం వేసినట్టు చదవండి. ఏడు బారల లోతున పాతిపెట్టినా యాభై మైళ్ళ అవతల పొద్దున్నే పుట్టలోంచి బయల్దేరే చీమ అడుగు వినగలిగేవాడు ఒకడు. దుఃఖమొస్తే కింది పెదవిని బొడ్డుదాకా దించి, పై పెదవిని తలకు కప్పుకునేవాడు మరొకడు. ఆ తర్వాత మంటల్లోంచి కాపాడిన పుట్టలోని చీమలు అవిసె గింజలు ఏరి తెస్తాయి. ఒక్క గింజ తక్కువ. చీకటి పడేలోపు కుంటిచీమ ఆ గింజ మోసుకొస్తుంది. ఇంత పెద్ద వీరగాథలో ఆ చీమకు చోటిచ్చిన కథకుడికి నేను దణ్ణం పెడతాను.

ఆర్థర్ ప్రణయగాథలు మూడూ, కలల కథలూ ఏ వరుసలో చదివినా ఫర్వాలేదు. రోనాబుయి కల చివర, ఇన్ని గుర్రాల రంగులూ ఆయుధాల వర్ణనలూ ఉన్నందువల్ల పుస్తకం లేకుండా ఏ కవీ ఏ కథకుడూ దీన్ని చెప్పలేడని రాసి ఉంటుంది. దాన్ని మాత్రం కళ్ళతో చదవండి.

ఒక్క హెచ్చరిక. రియానన్ గుర్రపు దేవత అనీ, బ్రాన్ పాత దేవుడనీ వివరించే పుస్తకాలు బోలెడు. వాటిలో పండితులు రాసినవి విలువైనవే. కానీ అవి ముందు చదివితే, గుమ్మం దగ్గర కూర్చున్న తల్లి మీకు కనబడదు, దేవత సిద్ధాంతమే కనబడుతుంది. మొదటిసారి ఏ వివరణా లేకుండా చదవండి.

ఈ వారాంతం మొదటి శాఖ మొదటినుంచి, పైకి. 'నేను మాత్రం ఎక్కను' అనే మాట వచ్చాక ఒక నిమిషం ఆగి, మిగతాది పూర్తిచెయ్యండి. బ్రాన్వెన్ కథ అయ్యాక ఎక్కడ ఆగిపోయారో ఇక్కడే రాయండి. పేర్లు ఏవైనా పలకడం తెలియకపోతే అవీ రాయండి, తెలుగులో ఎలా రాసుకోవాలో చెబుతాను.